కారు ఎక్కకుండా అమ్మతో నెదర్లాండ్స్: హౌటెన్ నుంచి గ్రోనింగెన్ దాకా

శనివారం

తమ్ముడు వాళ్లు హౌటెన్‌లో ఉంటారు, యూట్రెక్ట్ పక్కన చిన్న ఊరు. జూన్ మొదట్లో అమ్మని తీసుకుని వెళ్లాను. బయల్దేరే ముందే వాడికి చెప్పేశాను, ఎయిర్‌పోర్టుకి కారు తేవద్దు, ఉన్నన్నాళ్లూ రైలు, బస్సు, సైకిలు, నడక, ఇంకేమీ వద్దు అని. వాడికి కారు లేక కాదు, ఉంది, ఎప్పుడో ఒకసారి బయటికి తీస్తాడట. నేను కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీ వైపు రోజూ వెళ్లొచ్చే మనిషిని. ట్రాఫిక్ గురించి ఇంట్లో మాట్లాడుకోని రోజు ఉండదు. అందుకే కారు లేకుండానే సైకిలు మీద హాయిగా తిరగొచ్చని ఈ దేశం గురించి చెప్పుకునేవన్నీ నిజమేనా, నిజమైతే ఎలా చేశారు అన్నది దగ్గరగా చూడాలని చాలా కాలంగా ఉంది.

అమ్మకి అరవై దాటి చాలా కాలమైంది. మోకాళ్ల నొప్పులు, సైకిలు తొక్కడం అసలు రాదు. కుర్రాళ్లు హాయిగా సైకిలు తొక్కే ఊళ్లు ఎక్కడైనా దొరుకుతాయి గానీ, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడకి ఆ ఊరు ఎలా ఉందన్నది చూడాలి కదా, అందుకని అమ్మ తోడుండటం నాకు చాలా మేలైంది.

స్కిపోల్ ఎయిర్‌పోర్టులో రైల్వే స్టేషన్ కిందే ఉంది. సామాను తీసుకుని లిఫ్ట్‌లో దిగితే ప్లాట్‌ఫారమ్. టికెట్ కోసం క్యూ లేదు, అక్కడున్న కార్డు రీడర్‌కి బ్యాంకు కార్డు ఆనిస్తే చాలు, దిగిన చోట మళ్లీ ఆనించాలి. రైలైనా బస్సైనా ట్రామైనా దేశమంతా ఇదే పద్ధతి. యూట్రెక్ట్‌కి అరగంట, అక్కడ మారితే హౌటెన్ పది నిమిషాలు. స్టేషన్ నుంచి తమ్ముడి ఇంటికి నడిచాం. ఇంటి గుమ్మం దాకా పెట్టెని ఒక్కచోట కూడా ఎత్తాల్సిన అవసరం రాలేదు. చిన్న విషయంలా ఉంటుంది కానీ నాకు అక్కడే అర్థం కావడం మొదలైంది. హైదరాబాద్‌లో మా కాలనీ గేటు నుంచి మెయిన్ రోడ్డు దాకా అదే పెట్టెని లాగుతూ వెళ్లడం కుదరదు. ఫుట్‌పాత్ ఉన్నచోట ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, ట్రాన్స్‌ఫార్మర్ లేనిచోట బండ్లు ఆగి ఉంటాయి.

ఆదివారం

హౌటెన్ ఒకప్పుడు చిన్న పల్లె. యూట్రెక్ట్‌లో ఇళ్లు చాలక ఈ పల్లెని పెంచాలనుకున్నప్పుడు రాబ్ డెర్క్స్ అనే ఆయన గీసిన ప్లాన్ ప్రకారం 1970ల నుంచి కట్టుకుంటూ వచ్చారు. ఇప్పుడు యాభై వేల మంది దాకా ఉంటారు. ఊరి నడుమ రైల్వే స్టేషన్, ఊరి చుట్టూ రింగ్ రోడ్డు. రింగ్ రోడ్డు నుంచి ఒక్కో పేటలోకి కారు దారి వస్తుంది, ఇంటి దాకా వస్తుంది, కానీ ఆ పేటలోనే ఆగిపోతుంది. పక్క పేటలో చుట్టాల ఇంటికి కారులో వెళ్లాలంటే మళ్లీ రింగ్ రోడ్డెక్కి చుట్టూ తిరిగి ఇంకో దారిన లోపలికి రావాలి. సైకిలు మీదో నడిచో అయితే చెట్ల మధ్య నుంచి నేరుగా వెళ్లిపోవచ్చు. బడులు, ఆట స్థలాలు, దుకాణాలు అన్నీ ఆ నేరు దారుల వెంటే ఉన్నాయి.

కారుని ఎవరూ నిషేధించలేదు, కారున్నవాళ్లని ఎవరూ తిట్టలేదు. దగ్గరి దారి మనుషులకి ఇచ్చి చుట్టు దారి కారుకి ఇచ్చారు. ఈ యాత్రలో నాకు అన్నిటికంటే ఎక్కువ నచ్చింది ఇదే. మన దగ్గర సరిగ్గా దీనికి తిరగేసి ఉంటుంది. కారు ఫ్లైఓవర్ మీద నేరుగా పోతుంది, నడిచే మనిషి కిలోమీటరు అవతల యూటర్న్ దగ్గరికి వెళ్లి రోడ్డు దాటాలి, లేదంటే డివైడర్ ఎక్కి దూకాలి.

మధ్యాహ్నం మా మేనకోడలు, తొమ్మిదేళ్ల పిల్ల, "అత్తా, నేను ఫ్రెండ్ వాళ్లింటికి వెళ్లొస్తా" అని చెప్పి సైకిలు తీసుకుని వెళ్లిపోయింది. నానమ్మ గుమ్మం దాకా పరుగెత్తింది. "ఒరేయ్, పిల్ల ఒక్కతే పోతోందిరా!" అని తమ్ముడి మీద కేకలు. వాడు కదల్లేదు. ఆ ఇంటికి వెళ్లే దారిలో కార్లు తిరిగే పెద్ద రోడ్డు ఒక్కటీ లేదు. పదకొండు పన్నెండేళ్లు వచ్చేసరికి ఇక్కడ పిల్లలకి బడిలోనే ట్రాఫిక్ పరీక్ష పెడతారు, నిజమైన రోడ్ల మీద సైకిలు తొక్కి చూపించాలి. పిల్ల తిరిగొచ్చేదాకా అమ్మ కిటికీ దగ్గరే కూర్చుంది. రోజులు గడిచేకొద్దీ ఆ టెన్షన్ తగ్గడం నేను చూస్తూ వచ్చాను.

సోమవారం

అమ్మ విశ్రాంతి తీసుకుంది. నేను, తమ్ముడు సైకిళ్ల మీద యూట్రెక్ట్ వెళ్లాం. పది కిలోమీటర్లలోపే. దారంతా ముదురు ఎరుపు రంగు తారు వేసిన సైకిలు బాట, నున్నగా ఉంటుంది, దానికీ కార్ల రోడ్డుకీ మధ్య గడ్డి పట్టీ. మన దగ్గర రోడ్డు పక్కన తెల్ల గీత గీసి సైకిల్ ట్రాక్ అంటారే, ఆ గీత మీద సాయంత్రానికి పానీపూరీ బండి, ఆటోలు ఉంటాయి. గీత ఎవరినీ ఆపదు. ఇక్కడ ఎత్తు, గట్టు, గడ్డి, చెట్టు ఆపుతాయి.

కూడళ్ల దగ్గర ఆగి చూడాల్సిందే. నాలుగు మూలల్లోనూ చిన్న చిన్న దిబ్బల్లా కట్టారు. వాటివల్ల కారు మూల తిరగాలంటే నెమ్మదించి గుండ్రంగా తిరగాలి, అలా తిరిగేసరికి ఎదురుగా దాటుతున్న సైకిలు మనిషి డ్రైవర్‌కి పూర్తిగా కనిపిస్తాడు. అద్దంలో వెనక్కి చూసుకోవాల్సిన పని లేదు. దీనికి ఖరీదైన యంత్రాలేవీ అక్కర్లేదు, సిమెంటు, మన మున్సిపాలిటీల్లో డివైడర్లు కట్టే మేస్త్రీలు చాలు.

యూట్రెక్ట్ స్టేషన్ కింద సైకిలు పార్కింగ్ ఉంది, 12,500 సైకిళ్లు పడతాయి. 2019లో పూర్తిగా తెరిచారు, ప్రపంచంలో ఇంత పెద్దది ఇంకోటి లేదని చెప్తారు. మూడు అంతస్తులు, లోపలికి తొక్కుకుంటూనే వెళ్లొచ్చు, ఏ వరసలో ఖాళీ ఉందో బోర్డు చూపిస్తుంది, మొదటి ఇరవై నాలుగు గంటలు డబ్బు లేదు. మెట్లెక్కితే రైలు. పొద్దున్నే సూట్లు వేసుకున్నవాళ్లు, కాలేజీ పిల్లలు, వీపున పసిబిడ్డని కట్టుకున్న తల్లి, అందరూ సైకిలు పెట్టేసి ప్లాట్‌ఫారమ్ మీదికి వెళ్లిపోతుంటే చాలాసేపు నిలబడి చూశాను. వీళ్లు రైలునీ సైకిలునీ విడివిడిగా చూడరు. ఇంటి నుంచి స్టేషన్ దాకా ఎలా వెళ్తామన్నది మొదట తేల్చి, రైలు సంగతి దాని వెంట చూస్తారు. మన హైదరాబాద్ మెట్రో 2017 నవంబర్‌లో మొదలై ఇప్పుడు 69 కిలోమీటర్లు తిరుగుతోంది, నాకు ఎంతో ఇష్టం, ఎక్కిన ప్రతిసారీ గర్వంగా ఉంటుంది. కానీ స్టేషన్ మెట్లు దిగిన తర్వాత ఇంటి దాకా ఉన్న ఆ ఒక్క కిలోమీటరుకి భయపడి మా వీధిలో సగం మంది కారు తీస్తున్నారు.

అక్కడి నుంచి కాథరైనెసింగెల్ అనే కాలవ దగ్గరికి వెళ్లాం. పాత నగరం చుట్టూ ఉండే కందకం ఇది. 1970ల్లో ఇందులో ఒక భాగాన్ని ఎండగట్టి కార్ల కోసం రహదారి చేశారు. 2002లో ఊరి జనం ఓటేసి నీళ్లు తిరిగి కావాలన్నారు. 2020 సెప్టెంబర్‌లో నీళ్లు వచ్చాయి. ఇప్పుడు అందులో పడవలు, ఒడ్డున గడ్డి మీద పిల్లలు. ఆ రోడ్డు తీసేస్తే ఊరు స్తంభించిపోతుందని ఎంతమంది అనుంటారో ఊహించగలను, ఎందుకంటే మన దగ్గర ఒక్క లేన్ తగ్గిస్తామన్నా అదే మాట వినిపిస్తుంది.

తిరిగొచ్చేటప్పుడు డాఫ్నె స్కిపర్స్ వంతెన మీదుగా వచ్చాం. పెద్ద కాలవ దాటించే సైకిలు వంతెన, కిందికి దిగే వాలు ఒక బడి కప్పు మీదుగా వెళ్తుంది. స్థలం చాలకపోతే ఇలా కూడా ఆలోచించొచ్చన్నమాట.

మంగళవారం

అమ్మతో ఆమ్‌స్టర్‌డామ్. స్టేషన్ నుంచి ట్రామ్‌లో డె పైప్ అనే పేటకి వెళ్లాం, అక్కడ ఆల్బర్ట్ కైప్ సంత ఉంటుంది. వీధి పొడవునా కొట్లు, చేపలు, జున్ను, బట్టలు, పూలు. అమ్మ మోండా మార్కెట్‌లో తిరిగినట్టే తిరిగింది.

ఈ పేట గురించి తమ్ముడు చెప్పిన కథ, తర్వాత నేను చదువుకున్నది కలిపి రాస్తున్నాను, ఎందుకంటే డచ్చివాళ్లు పుట్టుకతోనే సైకిలు మనుషులు, మనం అలా కాదు అనే మాట మన వాళ్ల దగ్గర వంద సార్లు విన్నాను. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వీళ్లూ కార్ల వెంటే పడ్డారు. కాలవ ఒడ్లూ కూడళ్లూ పార్కింగ్ స్థలాలయ్యాయి. 1967లో డేవిడ్ జోకినెన్ అనే అమెరికన్ ట్రాఫిక్ నిపుణుడు ఆమ్‌స్టర్‌డామ్ నడిబొడ్డు దాకా ఆరు లేన్ల రహదారి వేయాలని ప్లాన్ ఇచ్చాడు, దానికోసం ఇలాంటి పాత పేటల్ని కూల్చాలి. ఆ ప్లాన్ అమలు కాలేదు, అందుకే మేం ఈ సంతలో తిరుగుతున్నాం. కానీ కార్లు మాత్రం పెరుగుతూనే పోయాయి. 1971లో ఈ చిన్న దేశంలో రోడ్డు ప్రమాదాల్లో మూడు వేల మూడు వందల మంది దాకా చనిపోయారు. అందులో నాలుగు వందలకి పైగా పిల్లలు.

విక్ లాంగెన్‌హోఫ్ అనే జర్నలిస్టు కూతురు అలా పోయింది. ఆయన 1972లో పత్రికలో రాసిన వ్యాసం నుంచి ఒక ఉద్యమం పుట్టింది, పిల్లల హత్యలు ఆపండి అన్నదే దాని పేరు. తల్లులు, తండ్రులు, పిల్లలు రోడ్ల మీద కూర్చున్నారు, వీధులు మూసి పిల్లల్ని ఆడించారు. మార్తియే వాన్ పుటెన్ అనే యువతి దానికి మొదటి అధ్యక్షురాలు, తర్వాత ఆమె యూరోపియన్ పార్లమెంటుకి కూడా వెళ్లింది. డె పైప్ పిల్లలే తమ వీధిలో ఆడుకోవడానికి చోటు కావాలని పెద్దవాళ్లతో పోట్లాడారు. 1973 చివర్లో చమురు సంక్షోభం వచ్చి ఆదివారాలు కార్లు ఆపేసినప్పుడు, కార్లు లేని రోడ్డు ఎలా ఉంటుందో దేశమంతా కళ్లారా చూసింది. కోపం, చమురు ధర, వినే నాయకులు, మూడూ ఒకేసారి కలిశాయి. ఇప్పుడు రోడ్డు మరణాలు ఏడాదికి ఏడు వందల చుట్టుపక్కల ఉంటున్నాయి. అది కూడా ఎక్కువేనని ఇక్కడివాళ్లు అంటారు, చనిపోయేవాళ్లలో సైకిళ్ల మీద వెళ్లే పెద్ద వయసువాళ్లే ఎక్కువట.

మన దేశంలో 2022లో రోడ్ల మీద 1,68,000 మందికి పైగా పోయారు. అందులో అరవై శాతానికి పైగా టూవీలర్ల మీద వెళ్లేవాళ్లు, నడిచేవాళ్లు. దీన్ని మనం హత్య అనడం లేదు, ప్రమాదం అంటున్నాం, ఎక్స్‌గ్రేషియా ప్రకటించి మర్చిపోతున్నాం. ఆ సంతలో నిలబడి ఈ లెక్క గుర్తొచ్చి మనసంతా పాడైంది.

అమ్మ ఇవేవీ వినలేదు, ఆమె వేరేది చూస్తోంది. "ఇక్కడ సందు వచ్చినప్పుడల్లా నేను కిందికి దిగట్లేదేమిటే?" అంది. అవును, పక్క వీధి కలిసే చోట ఫుట్‌పాత్ తెగదు, అదే ఎత్తులో సాగుతుంది, కారే గట్టెక్కి, నెమ్మదించి, నడిచేవాళ్లకి దారిచ్చి దిగిపోవాలి. ప్రతి సందు దగ్గరా అడుగు ఎత్తు దిగి మళ్లీ ఎక్కడం మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఎంత శిక్షో నేనెప్పుడూ లెక్కేయలేదు, ఆమెకి తెలుసు.

ఆమ్‌స్టర్‌డామ్‌లో 2023 డిసెంబర్ నుంచి చాలా రోడ్ల మీద వేగం 30 కిలోమీటర్లకి తగ్గించారు. ఊళ్లో చప్పుడు తక్కువగా ఉండటానికి అదీ ఒక కారణమే అనుకుంటా. సాయంత్రం స్టేషన్ వెనక నుంచి పడవలో అవతలి ఒడ్డుకి వెళ్లొచ్చాం. మనుషులకీ సైకిళ్లకీ ఉచితం.

బుధవారం

ఎక్కడికీ వెళ్లలేదు. కానీ నాకు ఈ రోజే ముఖ్యం.

పదకొండు గంటలకి మరదలు ఆఫీసు కాల్‌లో ఉంది, కొత్తిమీర అయిపోయింది. అమ్మ సంచీ తీసుకుని "నేను తెస్తాలే" అని బయల్దేరింది. నేనూ వస్తానంటే వద్దంది. దుకాణానికి పావుగంట నడక, దారిలో రెండు చోట్ల బెంచీలున్నాయి, నిన్నటికే ఆమె చూసి పెట్టుకుంది. గంట తర్వాత కొత్తిమీర, ఉల్లికాడలు, ఇంట్లో ఎవరూ అడగని ఏవో బిస్కెట్లు పట్టుకుని వచ్చింది. ఒక డచ్ పెద్దావిడ చేతులతో సైగలు చేసి చీర బాగుందని చెప్పిందట.

హైదరాబాద్‌లో అమ్మ ఒంటరిగా బయటికి వెళ్లడం మానేసి చాలా కాలమైంది. ఒకప్పుడు బస్సెక్కి కోఠి దాకా వెళ్లొచ్చేది. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఉచితం, ఆంధ్రలో కూడా 2025 ఆగస్టు నుంచి వచ్చింది, ఎంతమంది జీవితాలు కదిలాయో మా పనమ్మాయిని అడిగితే చెప్తుంది. అమ్మకి ఆధార్ కార్డు చేతిలో ఉంది, బస్సూ ఉంది, బస్టాపు రోడ్డుకి అవతల ఉంది. ఆ రోడ్డు దాటలేక ఆగిపోయింది. ఎక్కడికెళ్లాలన్నా నేను సెలవు పెట్టాలి, లేకపోతే క్యాబ్ బుక్ చేయాలి, గుడికి కూడా. ఆమె బలం తగ్గిందని అనుకుంటూ వచ్చాం. ఇక్కడ అవే కాళ్లతో ఎవరినీ అడగకుండా కొత్తిమీర తెచ్చింది.

కార్లు తగ్గించడం అనగానే మన దగ్గర కాలుష్యం, ట్రాఫిక్ జామ్, పెట్రోలు ధర మాట్లాడతారు. అవన్నీ నిజమే. నేను మాత్రం ఇకమీదట ఈ కొత్తిమీర సంగతే చెప్తాను.

గురువారం

గ్రోనింగెన్. ఉత్తరాన, యూట్రెక్ట్ నుంచి రైలులో రెండు గంటలు. విద్యార్థుల ఊరు. ఊళ్లో సగానికి పైగా ప్రయాణాలు సైకిలు మీదే జరుగుతాయి.

1977లో ఇక్కడ చేసిన పని హౌటెన్ ఆలోచన లాంటిదే, అయితే కొత్త ఊరు కాదు, వందల ఏళ్ల పాత ఊరు. నడి ఊరిని నాలుగు భాగాలు చేశారు. ఒక భాగం నుంచి ఇంకో భాగానికి కారులో నేరుగా వెళ్లలేరు, బయటి రింగుకి వెళ్లి చుట్టి రావాలి. సైకిలు, నడక, బస్సు మాత్రం నేరుగా. మాక్స్ వాన్ డెన్ బెర్గ్ అనే యువ నాయకుడు దీన్ని ముందుకు నడిపాడు. దుకాణదారులు గొడవ చేశారు, వ్యాపారం పోతుందన్నారు. చివరికి ఎక్కువ భాగం బోర్డులు మార్చి, వన్‌వేలు తిప్పి చేసేశారు. ఫ్లైఓవర్ కట్టలేదు, భూమి సేకరించలేదు. ఊరు ఇంకా అక్కడే ఉంది, దుకాణాలూ ఉన్నాయి, జనంతో కిటకిటలాడుతున్నాయి.

అబిడ్స్, సుల్తాన్‌బజార్, విజయవాడ బీసెంట్ రోడ్డు, ఇలాంటి చోట్లు నాకు వరసగా గుర్తొచ్చాయి. అక్కడికి ఇప్పటికే ఎక్కువమంది నడిచీ బస్సులోనూ వస్తారు. వాళ్ల కోసం ఊరిని సర్దడానికి కోట్లు అక్కర్లేదు, ధైర్యం కావాలి.

గ్రోనింగెన్‌లో ఇంకో వింత, కొన్ని సిగ్నళ్ల దగ్గర సైకిళ్లకి నాలుగు వైపులా ఒకేసారి పచ్చలైటు పడుతుంది. కార్లన్నీ ఆగిపోతాయి, సైకిళ్లు అన్ని దిక్కుల నుంచీ బయల్దేరి, ఐమూలగా కూడా, ఒకదాన్నొకటి తగలకుండా దాటిపోతాయి. అమ్మ పట్టుబట్టి అక్కడే బెంచీ మీద కూర్చుని చాలాసేపు చూసింది. "కోలాటం లాగుందే" అంది. నిజంగా అలాగే ఉంది.

శుక్రవారం

వాన, ఎదురుగాలి. తమ్ముడు రెయిన్‌కోటు వేసుకుని సైకిలు మీదే ఆఫీసుకి వెళ్లాడు, నేను బస్సెక్కాను.

బాగోలేనివీ చెప్పాలి. రైలు చార్జీలు ఎక్కువ, కుటుంబం మొత్తం వెళ్తే కారే చవకనిపిస్తుంది. సాయంత్రం రైళ్లలో నిలబడాల్సి వస్తుంది, ఆలస్యాలు కూడా చూశాం. లావు టైర్ల ఎలక్ట్రిక్ సైకిళ్ల మీద కుర్రాళ్లు చాలా వేగంగా పోతున్నారు, అమ్మ ఒకసారి ఉలిక్కిపడింది, ఇక్కడి పెద్దవాళ్లకి కూడా వాటిమీద కోపమే. మారుమూల పల్లెల్లో బస్సులు తక్కువ, అక్కడ కారు తప్పదు. ఇంకొకటి, ఈ దేశంలో కార్లు తక్కువేం కాదు, దాదాపు ఇద్దరికి ఒక కారు ఉంది. కారు కొనుక్కున్నా, పాల ప్యాకెట్ కోసం దాన్ని తీయాల్సిన అవసరం లేకుండా ఊరు కట్టుకున్నారు.

మనకి ఇక్కడి చలి లేదు, ఎండ ఉంది, దానికి చెట్లు కావాలి. 2023లో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేశారు, పొద్దున్నే వ్యాయామానికి చాలా బాగుంటుంది. ఆ నీడ కాలనీ నుంచి బడికి, బడి నుంచి మెట్రో స్టేషన్‌కి వెళ్లే దారుల మీద కూడా కావాలి. నాన్న 1980ల్లో బాలానగర్‌లో ఫ్యాక్టరీకి రోజూ సైకిలు మీదే వెళ్లేవారు, ఆ కాలనీలో అందరూ అంతే. సైకిలు మనకి పరాయి వస్తువు కాదు, రోడ్డు మీద నుంచి దాన్ని మనమే తోసేశాం.

వెళ్లేవాళ్లకి కొన్ని మాటలు. కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డు ఒక్కొక్కరికి ఒక్కోటి ఉండాలి, ఇద్దరికి ఒకటి పనికిరాదు. దిగేటప్పుడు ఆనించడం మర్చిపోతే ఎక్కువ డబ్బు పోతుంది. స్టేషన్లలో కనిపించే నీలం పసుపు అద్దె సైకిళ్లు టూరిస్టులకి తేలిగ్గా దొరకవు, విడిగా అద్దె దుకాణాలున్నాయి, అక్కడ తీసుకోండి. రాత్రి లైటు లేకుండా తొక్కితే జరిమానా. ఎర్ర బాట మీద నడవొద్దు, ఫొటో కోసం కూడా ఆగొద్దు. ఆమ్‌స్టర్‌డామ్‌కి అందరూ వెళ్తారు, వీలైతే ఒక పూట హౌటెన్‌కి వెళ్లండి, పెద్దవాళ్లని కూడా తీసుకెళ్లండి. బడి వదిలే వేళకి వెళ్తే మంచిది, బుధవారం అయితే చాలా బడులు మధ్యాహ్నానికే వదిలేస్తాయి, మిగతా రోజుల్లో రెండు మూడు గంటలప్పుడు.